‘పర్లేదు’ అంటే ఎంత ప్రెషర్?

పదేళ్ల కిందట, జనవరి నెలలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఒక చైనా మసాజ్ సెంటర్‌లో థెరపిస్టుగా చేరాను. రాష్ట్రమిచ్చిన లైసెన్సు చేతిలో ఉన్నా, అక్కడి పద్ధతి ప్రకారం మొదటి నెల ప్రొబేషన్. నెలాఖరున సీనియర్ థెరపిస్టు ఒక సెషన్ దగ్గరుండి చూస్తారు. ఆమె సరేనంటేనే ఉద్యోగం. నాకప్పటికి యాభై రెండేళ్లు. ఆ వయసులో మరో చోటు వెతుక్కునే ఓపిక లేదు.

ఈ మసాజ్‌ను ‘త్వేనా’ అంటారు. ‘త్వే’ అంటే తోయడం, ‘నా’ అంటే పట్టుకోవడం. నూనె వాడరు, బట్టల మీదే చేస్తారు. చేతి వెనక భాగాన్ని కండరం మీద దొర్లించడం మొదటి పాఠం. దాన్ని బియ్యం సంచి మీద సాధన చేస్తారని లైబ్రరీ పుస్తకంలో చదివి, మా సోనా మసూరి సంచిని మూడు వారాలు దొర్లించాను. అన్నంలో నూకలెక్కువయ్యాయని మావారు సణిగారు. త్వేనా మీద లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివేశాను. ఒంట్లో శక్తి ప్రవహిస్తుందని చైనా వైద్యం నమ్మే పన్నెండు దారుల పేర్లూ వెనక నుంచి ముందుకు కూడా చెప్పగలిగేదాన్ని. సీనియర్ థెరపిస్టు లిన్ మాత్రం నా చదువుకు ఏమాత్రం చలించలేదు.

పరీక్ష రోజు వచ్చిన క్లయింట్ శిరీష, కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు ఎత్తి భుజాలు పట్టేశాయట.

“హమ్మయ్య, తెలుగువాళ్లేనా ఆంటీ!” అంటూ బోర్లా పడుకుంది. లిన్ మూలన కూర్చుంది.

నేను చేతులతో పాటు నోరూ మొదలుపెట్టాను. మెడకూ భుజం చివరకూ మధ్యనుండే బిందువును చైనావాళ్లు ‘భుజపు బావి’ అంటారని వివరించాను.

“ఆంటీ, మాస్టర్స్‌లో కూడా నాకింత థియరీ చెప్పలేదు,” అంది శిరీష.

నియమం ప్రకారం అడిగాను: “ప్రెషర్ ఓకేనా అమ్మా?”

“పర్లేదు ఆంటీ.”

చాలడం లేదేమోనని మోచెయ్యి ఆనించాను. మళ్లీ అడిగాను.

“పర్... లేదు ఆంటీ.”

లిన్ లేచి వచ్చి, ఆ మాటకు అర్థమేమిటని ఇంగ్లిష్‌లో అడిగింది. బాగానే ఉందంటోందని చెప్పాను. లిన్ శిరీష పాదాల వైపు చూపించింది. సాక్సుల్లో పది వేళ్లూ ముడుచుకుని ఉన్నాయి.

“నిజం చెప్పమ్మా, నొప్పిగా ఉందా?”

“ప్రాణం పోతోంది ఆంటీ! పెద్దవాళ్లు మీరు, అంత ఇదిగా చేస్తుంటే ఆపమని ఎలా అంటాను?”

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మోచెయ్యి తీసేసి, నోరు మూసుకుని, చెయ్యి మెల్లగా దొర్లించడం మొదలుపెట్టాను. కాసేపటికి వేళ్లు విచ్చుకున్నాయి. ఊపిరి నిదానించింది. తర్వాత సన్నగా గురక వినిపించింది. ఈ మసాజ్ రోగాలు కుదురుస్తుందని నేను చెప్పను. బిగిసిన కండరం వదులైతే మనిషి ఎంత సుఖంగా నిద్రపోతుందో ఆ రోజు చూశాను.

సెషన్ ముగియకముందే లిన్ బయటికి వెళ్లిపోయింది. నేను వెళ్లి చూసేసరికి శనివారం షెడ్యూల్లో నా పేరు రాసి ఉంది. పక్కనే ఆమె చేతిరాత: “చదివింది చాలు. పాదాలు చూడు.”

ఆ తర్వాత తొమ్మిదేళ్లు అక్కడే పనిచేసి రిటైరయ్యాను. తెలుగు క్లయింట్లను ఓకేనా అని ఒక్కసారి కూడా అడగలేదు. “తగ్గించనా, పెంచనా?” అనే అడిగాను. ‘పర్లేదు’ అని తప్పించుకునే వీలున్న ప్రశ్న మనవాళ్లను అడగకూడదు.