ఒక ఆట, సున్నా గోల్స్, ఒక బిహైండ్

గుర్తుపెట్టుకోవడం కూడా ఒక ఘనకార్యంగా చెలామణీ అయిన రోజులవి. జేబుల్లో ఫోన్లు లేవు, అడగ్గానే జవాబు చెప్పే యంత్రాలు లేవు. ఎక్కడైనా వాదన వస్తే, విషయం బుర్రలో ఉన్నవాడిదే గెలుపు. అలాంటి రోజుల్లో, ఎనభైలు అయిపోవస్తుండగా, నేను తెనాలి నుంచి మెల్‌బోర్న్ వచ్చిపడ్డాను. నా ఆస్తల్లా ఒక సైన్సు డిగ్రీ, రెండు స్వెట్టర్లు, ఏది కనిపించినా బట్టీ పట్టేసే బుర్ర. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీ ఎప్పుడు పెట్టినా మొదటి బహుమతి నాదే (వరసగా మూడేళ్లు ఒకే రకం సబ్బుపెట్టె ఇచ్చారు, అది వేరే సంగతి). పందొమ్మిదో ఎక్కం నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేదాన్ని. అర్థం అడిగితే మాత్రం కాస్త నీళ్లు నమిలేదాన్ని.

మా అక్కా బావా క్రాన్‌బర్న్‌లో ఉండేవారు. అప్పట్లో అక్కడ మనుషులకన్నా గుర్రాలే ఎక్కువగా కనిపించేవి, ఊరికి రైలు కూడా లేదు. పొద్దున్నే బావ డాండెనాంగ్ స్టేషన్లో దింపితే, రైలెక్కి సిటీలో ఒక ఆసుపత్రికి వెళ్లేదాన్ని. రోగుల పాత ఫైళ్లు దాచే గదిలో నా ఉద్యోగం. ఆ నేలమాళిగలో మేం నలుగురం: మా పై అధికారి అయిన మేడమ్, జుట్టు మిరపపండులా ఎర్రగా ఉన్న ఒకతను (అతన్ని అందరూ బ్లూయీ అని పిలిచేవారు, ఎందుకని నన్నడక్కండి), నేను, ఇంకా స్టాట్స్ అనే పెద్దాయన. ఆయన అసలు పేరు ఎవరూ వాడేవారు కాదు. మా నాన్న వయసువాణ్ణి స్టాట్స్ అని పిలవడానికి నాకు నోరు రాలేదు. సార్ అంటే ఒప్పుకోలేదు. చివరికి అంకుల్ అన్నాను. "నేనెవరికీ అంకుల్ని కాను, లవ్. మా అన్నకి పిల్లల్లేరు," అన్నాడాయన చాలా నిజాయితీగా (అక్కడ లవ్ అంటే మన 'అమ్మాయ్' లాంటి పిలుపు). అయినా నేను మానలేదు, ఆయనా అలవాటుపడ్డాడు.

ఆ అంకుల్‌కి ఫుటీ అంటే ప్రాణం. ఫుటీ అంటే వాళ్ల ఫుట్‌బాల్, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని కాళ్లతోనూ చేతులతోనూ ఆడే ఆట. అయితే ఆయనకి ఆటకన్నా లెక్క ముఖ్యం, స్టాట్స్ అన్న పేరు అందుకే వచ్చింది. కుర్రతనం నుంచీ చూసిన ప్రతి ఆటనీ నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నాడు: ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారు, ఎంతమంది జనం వచ్చారు, వాన పడిందా, గాలి ఎటు వీచింది. అవన్నీ ఆయన గ్యారేజీలో, మా ఫైళ్లకన్నా శుభ్రంగా ఉండేవట. సోమవారం టీ గదిలో మేడమ్‌తో సహా అందరూ ఆయన చుట్టూ చేరి, ఫలానా ఏడాది ఫలానావాడు బురదలో ఎన్ని కొట్టాడంటూ పోట్లాడుకునేవారు. నేను మూలన కూర్చుని పప్పూ అన్నం తినేదాన్ని. "గుడ్ వీకెండ్, లవ్?" అని ఎవరో ఒకరు అడిగేవారు, నేను "యెస్, వెరీ గుడ్" అనేదాన్ని. అక్కడితో మా సంభాషణ సమాప్తం. మూడు నెలలు అలాగే గడిచాయి. వాళ్లు చెడ్డవాళ్లు కారు, నాతో ఏం మాట్లాడాలో వాళ్లకి తెలియదంతే. కానీ ఇంటికొచ్చి బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చిన రోజులున్నాయి.

"ఏం మాట్లాడుకుంటారే వాళ్లు అంతసేపు?" అని అక్క అడిగింది.

"బంతి గురించి."

"అయితే నువ్వూ నేర్చుకో. బట్టీ కొట్టడం నీకేమన్నా కొత్తా?"

ఆ మాట నాకు తగిలింది. పైగా సమయం కూడా కలిసొచ్చింది. మా ఆసుపత్రిలో ప్రతి జూలైలోనూ లంచ్ వేళ విభాగాల మధ్య ఫుటీ క్విజ్ జరిగేది. గెలిచిన వాళ్లకి బంగారు రంగు వేసిన బెడ్‌పాన్ బహుమతి (అదే, మంచం దిగలేని రోగుల కింద పెట్టే పాత్ర, ఆసుపత్రివాళ్ల సరదాలు ఇలాగే ఉంటాయి). అది ఏళ్ల తరబడి ఎక్స్‌రే వాళ్ల గోడ మీదే వేలాడుతోంది. ప్రతిసారీ మావాళ్లు చివరిదాకా వచ్చి ఓడిపోతారట. ఆ ఏడాది క్విజ్ అయిన మర్నాడే అంకుల్ రిటైర్మెంట్. అంటే ఆయనకి అదే ఆఖరి అవకాశం. జట్టుకి నలుగురు కావాలి, మేమున్నదే నలుగురం, కాబట్టి నాకూ చోటు తప్పలేదు. "నువ్వూరికే కూర్చుని నవ్వుతూ ఉండు లవ్, చాలు," అన్నాడు అంకుల్ ప్రేమగా. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఒక్క దెబ్బకి రెండూ సాధిస్తాను, ఆయనకి బెడ్‌పాన్, నాకు ఆ టీ గదిలో ఒక కుర్చీ అనుకున్నాను.

శనివారం లైబ్రరీకి వెళ్లి, మా టీ గదివాళ్లతో సహా ఆసుపత్రంతా ప్రాణం పెట్టే ఫుటీ క్లబ్బు రికార్డుల పుస్తకం కావాలన్నాను. అక్కడి లైబ్రేరియన్ వెతికి వెతికి ఒక సన్నటి పుస్తకం తెచ్చిచ్చింది. ఎవరో అభిమాని సొంతంగా టైపు కొట్టి వేసినది, అసలు అట్ట ఊడిపోతే లైబ్రరీవాళ్లు గోధుమరంగు అట్ట వేశారు. లోపల బారులు తీరిన పేర్లు, ప్రతి పేరు పక్కనా మూడు అంకెలు: ఆటలు, గోల్స్, బిహైండ్స్. నాకు కావలసింది సరిగ్గా అదే! ముందుమాట మూడు పేజీలుంది. తిప్పేశాను. మా ఊళ్లో ముందుమాట చదివి పరీక్ష రాసినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు, అందులోంచి ప్రశ్నలు రావు కదా.

ఇక మొదలుపెట్టాను. అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ, రైల్లో ఊగుతూ, అదే వల్లింపు. "ఏంటి మరదలా, మళ్లీ ఇంటర్ పరీక్షలా?" అని బావ ఆటపట్టించేవాడు. రైల్లో నా పెదాలు కదలడం చూసి ఒకావిడ ప్రార్థన చేసుకుంటున్నాననుకుని, సంచీ తీసి నాకు చోటిచ్చింది. మూడు వారాల్లో పుస్తకం మొత్తం నోటికొచ్చేసింది. వందల ఆటలు ఆడినవాళ్లతో పాటు ఒక్క ఆట ఆడి మాయమైపోయినవాళ్లు కూడా వచ్చేశారు. నిజానికి వాళ్లమీదే నాకు జాలి ఎక్కువ. ఎవరో, ఏమయ్యారో పాపం. ఆటలో గోల్ అంటే ఏమిటో, బిహైండ్ అంటే ఏమిటో మాత్రం నాకు తెలియదు. ఈ సంగతి టీ గదిలో ఎవరికీ చెప్పలేదు, ఒక్కసారిగా అందరి నోళ్లూ తెరిపించాలని నా ప్లాను.

నోళ్లు తెరుచుకున్న మాట నిజం. క్విజ్ రోజున క్యాంటీన్ నిండిపోయింది. అంకుల్ ఒక్కో ప్రశ్నకీ జవాబు చెబుతుంటే ఎక్స్‌రే వాళ్ల మొహాలు మాడిపోతున్నాయి. చివరి ప్రశ్నకి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. నియమం ఏమిటంటే, ముందు గంట కొట్టినవాళ్లే చెప్పాలి, తప్పు చెబితే పాయింటు అవతలివాళ్లకి. "మన క్లబ్బు తరఫున అందరికన్నా ఎక్కువ ఆటలు ఆడినది ఎవరు?" అని అడిగారు. అంకుల్ చెయ్యి గంట వైపు తాపీగా కదులుతోంది. ఆ మాత్రం ఆయనకి తెలియదా! కానీ ఈ ప్రశ్న నాది, మొదటి పేజీ మొదటి వరస. నేను ఎగిరి గంట కొట్టి, లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఇంటిపేరుతో సహా పేరూ, ఆటలూ, గోల్సూ, బిహైండ్సూ ఎక్కం అప్పజెప్పినట్టు ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పి కూర్చున్నాను.

"ఎవరు?" అన్నాడు ప్రశ్నలడిగే డాక్టరు. మళ్లీ చెప్పాను. ఆయన కాగితం చూసుకున్నాడు, నన్ను చూశాడు. "సారీ, లవ్," అన్నాడు. ఎక్స్‌రే వాళ్లు బల్లలు గుద్దారు. బ్లూయీ తల పట్టుకున్నాడు. అంకుల్ మాత్రం నా భుజం తట్టి, "నో వర్రీస్," అని లేచి, చలికోటు తొడుక్కుని కిందికి వెళ్లిపోయాడు. ఆ 'నో వర్రీస్' బదులు ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మనిషి చేతిలోంచి గెలుపుని నేను లాక్కున్నాను.

నేను పుస్తకం తీసుకుని ఆయన వెనకాలే పరిగెత్తాను. ఫైళ్ల బీరువాల మధ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. "అంకుల్, నేను తప్పు చెప్పలేదు. ఇదిగో, ఇందులో ఉంది," అంటూ ఏడుపు గొంతుతో చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నేను తిప్పేసిన ముందుమాటే మొదట చదివాడు. తర్వాత గోడకి ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. "లవ్, ఇది రెండో జట్టు పుస్తకం! రిజర్వ్స్! పెద్దజట్టులో చోటు దొరకనివాళ్లు ఆడతారే, వాళ్లది. ప్రపంచంలో ఇది బట్టీ పట్టినదానివి నువ్వొక్కతెవే!"

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఉన్నట్టుండి ఆయన నవ్వు ఆగిపోయింది. పేజీలు తిప్పబోయి, తిప్పకుండా పుస్తకం మూసేశాడు. "ఇందులో అందరూ ఉన్నారా?" అని అడిగాడు.

"అందరూ ఉన్నారంకుల్. ఒక్క ఆట ఆడినవాళ్లు కూడా."

ఆయన తన ఇంటిపేరు చెప్పాడు. అంతవరకూ నేను వినలేదది. అయినా చటుక్కున తగిలింది, చివరి పేజీల్లో నేను జాలిపడ్డవాళ్లలో ఒకడు. కళ్లు మూసుకుని చెప్పాను: "ఆటలు ఒకటి, గోల్స్ సున్నా, బిహైండ్స్ ఒకటి."

కళ్లు తెరిచేసరికి అంకుల్ నిచ్చెన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పందొమ్మిదేళ్లప్పుడు ఒకే ఒక్కసారి ఆడించారట. మర్నాడు పేపర్లో ఆయన పేరు రాలేదు. తర్వాత మోకాలు దెబ్బతింది. ఆడానని చెబితే బ్లూయీతో సహా అందరూ నవ్వారట. "మరి మీ నోటుపుస్తకంలో రాసుకోవచ్చుగా?" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "ఆధారం లేనిది ఎలా రాస్తాను, లవ్?" అన్నాడు. ఊళ్లోవాళ్ల ఆటలన్నీ నలభై ఏళ్లు రాసిన మనిషి, తన ఆట ఒక్కటి రాసుకోలేదు. నాకు మళ్లీ కన్నీళ్లొచ్చాయి, కానీ ఈసారివి వేరు. ఆ మధ్యాహ్నం పుస్తకం పక్కన పెట్టుకుని, గీత గీసి, ఆ మూడు అంకెలూ క్విజ్ కోసం వెంట తెచ్చుకున్న తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. కింద ఆధారం అని రాసి పేజీ నంబరు కూడా వేశాడు. మర్నాడు వీడ్కోలు టీలో బ్లూయీ ఆ నోటుపుస్తకం పేజీ జిరాక్స్ తీసి గోడకి అంటించాడు. ఎక్స్‌రే వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చదువుకుని, ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లారు. నన్ను ఎవరో తమ మధ్య కూర్చోబెట్టి కేకు ముక్క చేతిలో పెట్టారు.

ఆ శనివారమే అంకుల్ నన్ను మొదటిసారి ఆటకి తీసుకెళ్లాడు. పెద్దాట మధ్యాహ్నం, మేం పొద్దున్నే రిజర్వ్స్ ఆటకి వెళ్లాం. చలిగాలి, సగానికి పైగా ఖాళీ బల్లలు, థర్మాస్‌లో అక్క పెట్టిచ్చిన అల్లం టీ. మైదానం చివర నాలుగు కర్రలు చూపించి చెప్పాడు: నడుమ ఉన్న రెండు పొడుగు కర్రల మధ్యకి కొడితే గోల్, ఆరు పాయింట్లు. గురి తప్పి పొడుగు కర్రకీ పక్కనున్న పొట్టి కర్రకీ మధ్యనుంచి పోతే బిహైండ్, ఒక పాయింటు. "తప్పినా ఒకటి ఇస్తారా?" అన్నాను నమ్మలేక. జవాబు దగ్గరదాకా వచ్చి తప్పితే మాకెవరూ ఒక్క మార్కు వేసిన పాపాన పోలేదు మరి.

కాసేపటికి ఒక సన్నటి కుర్రాడికి బంతి దొరికింది. అతనికి అదే మొదటి ఆటని పక్కవాళ్లు అనుకుంటున్నారు. పరిగెత్తుకొచ్చి కొట్టాడు. బంతి తేలుతూ వెళ్లి పొడుగు కర్రకీ పొట్టి కర్రకీ మధ్యనుంచి పోయింది. చుట్టూ ఉన్నవాళ్లంతా 'అయ్యో' అన్నట్టు మూలిగారు. డాక్టర్లలా తెల్లకోటు వేసుకున్న అంపైరు ఒక వేలు చూపించాడు. నేను మాత్రం లేచి నిలబడి, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాను. "ఒకటి! ఒకటి వచ్చింది!" అని తెలుగులోనే అరిచాను. జనం వెనక్కి తిరిగి చూశారు. ఆ కుర్రాడు కూడా చూశాడు. సిగ్గేసి కూర్చోబోయాను. పక్కన అంకుల్ మోకాలు పట్టుకుని నెమ్మదిగా లేచి నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ రోజు నాకెవరూ కొట్టలేదు, లవ్," అన్నాడు.

ఇప్పుడు నా మోకాళ్లు కూడా ఆయన మోకాళ్లలాగే అయ్యాయి. మా అమ్మాయి నన్ను ఆటకి తీసుకెళ్లినప్పుడల్లా, బిహైండ్ పడగానే నేను లేచి చప్పట్లు కొడతాను. అది నా చెయ్యి పట్టి లాగుతుంది: "Mum, sit down! He missed!" అంటుంది. తెలుసే తల్లీ, తెలిసే కొడుతున్నాను అంటాను. చేతులు కట్టుకుని తప్పు జవాబు అంత ధీమాగా అప్పజెప్పిన ఆ తెనాలి పిల్లకి కూడా ఆ చప్పట్లలో కొంత వాటా ఉందని మాత్రం దానికి చెప్పను.