నాలుగు రబ్బరు వాషర్లు

ఆ ఆదివారం పొద్దున బల్ల తుడుస్తుంటే పాత గుడ్డ కింద నాలుగు రబ్బరు వాషర్లు కనిపించాయి. ఒక్కోటి చొక్కా గుండీ అంత. అవి ఏ రేడియోవో గుర్తొచ్చేసరికి తుడిచే గుడ్డ పక్కన పడేశాను.

నేను దూలపల్లిలో ఒక లేత్ షాపులో పనిచేస్తాను. సెలవు రోజుల్లో పేట్ బషీరాబాద్‌లోని మా ఇంట్లో పాత వాల్వు రేడియోలు బాగుచేసుకుంటాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాను. ముందురోజు సాయంత్రమే షామీర్‌పేట దగ్గర పూలతోట ఉన్న ఒక చాచా వచ్చి తన రేడియో తీసుకెళ్లాడు. అది వాళ్ల నాయిన కొన్నది. ఆయన నన్ను తొందరపెట్టలేదు. పాట వినిపించాలన్న ఆత్రం నాదే.

ఆ రకం రేడియోలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ప్లగ్గు తిరగేసి పెడితే లోపలి ఇనుప చట్రానికే కరెంటు వస్తుంది. చట్రాన్ని చెక్కపెట్టెకు పట్టి ఉంచే మరలు అడుగున బయటికే ఉంటాయి. వాటికి కరెంటు పాకకుండా వేసేవే ఈ వాషర్లు. అవి లేకుండా బిగించి, నవ్వుతూ ఆయన చేతికిచ్చాను.

ఫోన్ చేశాను. మోగింది, చాచా ఎత్తలేదు. మళ్లీ చేశాను. అప్పటికే తోటలో నీళ్లు పెట్టి ఉంటాడు. తడి చేతులు, వట్టి కాళ్లు.

"ఏమైంది, గట్లున్నవ్?" అంది మా ఆవిడ.

"వాషర్లు మర్చిన."

"గింతేనా," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. అసలు సంగతి చెప్పకుండానే వాషర్లు, టెస్టర్ జేబులో వేసుకుని బయల్దేరాను.

స్కూటర్ మీద మేడ్చల్ దాకా లారీల మధ్య ఎట్లా వెళ్లానో తెలియదు. షామీర్‌పేట రోడ్డెక్కాక రెండుసార్లు ఆగి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. చాచా ఇంటి ముందు చాలా చెప్పులు కనిపించాయి. ప్రహరీ గోడ వెనక ఆడవాళ్ల గొంతులు. ఏడుపేమోనని చెవులు రిక్కించాను. బండి దిగడానికి ధైర్యం చాలలేదు. అంతలో ఎవరో పకపకా నవ్వారు. తోటలో కూలికొచ్చిన ఆడవాళ్లు వరండాలో కూర్చుని బంతిపూలు గుచ్చుతున్నారు.

లోపలికి పరుగెత్తాను. చాచా రేడియో అడుగున రెండు చేతులూ పెట్టి ఎత్తుతున్నాడు. ప్లగ్గు గోడకే ఉంది.

"చాచా, ముట్టకుండ్రి! చేతులు దియ్యుండ్రి!"

నా అరుపుకు ఆయన బెదిరి దాన్ని బల్ల మీదే వదిలేశాడు. నేను వైరు పట్టుకుని ప్లగ్గు లాగేశాను.

"అరె, గింత పరేషాన్ ఎందుకు సార్? గంట సంది కరెంటే లేదు. అచ్చేలోపు వరండాల పెడ్దామని..."

ఆయన మాట పూర్తి కాకముందే నెత్తి మీది ఫ్యాన్ కిర్రుమని కదిలింది. ఇద్దరం తలెత్తి చూశాం.

దాచకుండా చెప్పేశాను. తప్పు నాదే అన్నాను. చాచా మంచం మీద కూర్చుండిపోయాడు. గుమ్మంలో ఉన్న చాచీ అంతా విన్నది.

"పిల్లలు తిరిగే ఇల్లు ఇది," అంది. "నువ్వు సదువుకున్నోడివి గదా!"

జేబులోంచి వాషర్లు తీసి మంచం మీద పెట్టాను.

"పోనీ, ఈడ్నే చెయ్యి సార్, నా ముందర," అన్నాడు చాచా. వాషర్లు వేసి నాలుగు మరలూ బిగించాను. ప్లగ్గు అటూ ఇటూ మార్చి పెట్టి, ప్రతి మరకూ టెస్టర్ ఆనించాను. ఒక్కసారి కూడా వెలగలేదు. అయినా ముందు నా వేళ్లే పెట్టాను. కళ్లు వాటంతటవే మూసుకుపోయాయి. ఏమీ కాలేదు. కాసేపటికి రేడియో వెచ్చబడి ఉర్దూలో వార్తలు చదివింది. చాచా విన్నాడు గానీ దాని దగ్గరికి జరగలేదు.

చాచీ ఆ గదిలోకే రాలేదు. నేను వెళ్తున్నానని చెప్పినప్పుడు కూడా గడప అవతలే నిలబడి, మనవరాలి మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది.