చిలకమ్మ చేతికే ఇచ్చిన కవరు

పదకొండేళ్లుగా ఒక ఆడమనిషి ముఖం నేరుగా చూడలేకపోతున్నాను. కారణం నేను రాసిన నాలుగు వాక్యాలు. మీరు నాకేమీ కారు, అందుకే చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి.

మాది మైదానం. మన్యంలోని గూడెం కొత్తవీధికి వచ్చి కొట్టు పెట్టి, కొండవాళ్లకు సరుకు అరువిచ్చి బతికాను. చిలకమ్మ, అసలు పేరు వేరు, పక్క ఊరి మనిషి. పదిమంది ఆడవాళ్లను కూడగట్టి కాఫీ పళ్ల తొక్క తీసే చిన్న యూనిట్ పెట్టింది. గోనెసంచులు, టార్పాలిన్లు, డీజిలు నా దగ్గరే అరువు. అరువుకి నేను వేసే ధర వేరు. అది ఆమెకూ తెలుసు. అయినా పంట డబ్బు రాగానే ముందు నాకే కట్టేది.

తర్వాత బ్యాంకు లోను అడిగింది. చేతిలో డబ్బుంటే నర్సీపట్నం వెళ్లి చవగ్గా కొనుక్కుంటుంది. ఇక నాతో పనేముంది? ఆమె ఎలా కడుతుందో బ్యాంకుకి తెలియదు, తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే మేనేజరు నా దగ్గర్నుంచి ఉత్తరం తెమ్మని ఆమెకు చెప్పాడు.

రాశాను. బాకీలు పేరుకుపోయాయని, గట్టిగా అడిగితే తప్ప కట్టదని. కవరు అంటించి ఆమె చేతికే ఇచ్చాను. ఎందుకు? నాకేం తక్కువైంది? ఏమీ లేదు. నా సరుకుతో లేచి నిలబడి నన్నే వదిలేస్తుందా అన్న కోపం. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, నా మీద నాకు అసహ్యం వేసేది అందుకే.

మర్నాడే వచ్చింది.

“నీ కాయితం సదివేక మేనేజరు మొకం మారిపోనాది, లోను ఇయ్యనన్నాడు. ఏటి రాసినావు, సావుకారీ?”

“మంచే రాశాను. మీ కొండోళ్లకి బ్యాంకులోళ్లు ఇవ్వరు. నేను లేనా? ఎంత సరుకు కావాలో పట్టుకెళ్లు.”

నా ముఖంలోకి చూసి అంది, “నీ మొకమే సెప్తంది. సంచులు బేగి ఇయ్యి. పళ్లు కుళ్లిపోతన్నాయి.”

ఆ ఏడాది సరుకు ధర పెంచాను. గింజలు నాకే అమ్మాలన్నాను. రెండు పంటలకే యూనిట్ మూతపడింది. ఆ పదిమందీ ఆమెనే తిట్టారు, నన్ను కాదు. యంత్రాన్ని బాకీ కింద నేనే తెచ్చుకున్నాను. ఇప్పుడామె ఒకరి తోటలో కూలికి పళ్లు కోస్తోంది. కొట్టు ముందు నుంచి వెళ్తూ నా వైపు ఉమ్మేస్తుంది. నేను లోపలికి తిరిగి ఏదో వెతుకుతున్నట్టు నటిస్తాను.

ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పినా ఆ యూనిట్ తిరిగి రాదు.

చిలకమ్మ ఏనాడూ ఎగ్గొట్టలేదు. నేను అబద్ధం రాశాను. ఇన్నేళ్లలో ఈ మాట ఒంటరిగా కూడా అనుకోలేకపోయాను. ఇవాళ అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి నాకు దక్కాల్సింది ఏమీ లేదు.