అమ్మ నరాలు, బావ టెస్టరు

మా అక్క మొగుడు ఇంటింటికీ తిరిగి కరెంటు తనిఖీ చేసే ఉద్యోగి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అందరికీ ఉద్యోగం ఆఫీసులో ఉంటుంది, మా బావకి భోజనం దగ్గరకి కూడా వస్తుంది. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు అక్క ముఖం చూడకముందే స్విచ్చిబోర్డు ముఖం చూశాడు. ఎవరైనా టీ ఇస్తే, తాగేముందు వాళ్ళ కెటిల్ తీగ ఎక్కడైనా చితికిందేమోనని తడిమి వస్తాడు. ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నందుకు మా అక్కకు వీధి చివర విగ్రహం పెట్టించాలి.

అయిదేళ్ళకోసారి ప్రతి ఇంటినీ తనిఖీ చెయ్యాలని రూలు. అన్నీ బాగుంటే మీటరు మీద పచ్చ కాగితం అంటిస్తారు. లేకపోతే సరిచేయించేదాకా కరెంటు కట్. నెల ముందే కార్డు వస్తుంది కాబట్టి, ముందురోజుకల్లా మా వీధిలో ఎక్స్‌టెన్షన్ బాక్సులన్నీ మంచాల కిందికి అజ్ఞాతవాసం వెళ్ళిపోతాయి. అందుకే బావ ఏ ఇంటికెళ్ళినా ముందు మంచం కిందికే వంగుతాడు. ఆ సంగతి తెలిసిన మేధావిని కదా, నేను మావి మాసిన బట్టల బుట్టలో దాచాను.

గీజరు మాత్రం బుట్టలో పట్టదు. ఆర్నెల్ల క్రితం కొన్నప్పుడు దాని ప్లగ్గుకి మూడు పిన్నులు, మా గోడలో సాకెట్టుకి రెండే కన్నాలు. దీనికి ఎలక్ట్రీషియన్ ఎందుకని, లావుపాటి పిన్నుని కటింగ్ ప్లయరుతో విరిచేశాను. రెండు నిమిషాల పని. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు ఆ ప్లగ్గు మీద తువ్వాలు కప్పాను.

అమ్మ అప్పటినుంచీ "కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందిరా" అని గొణుగుతూనే ఉంది. "వయసు మీద పడింది కదమ్మా, నరాల బలహీనత" అని నేనే తేల్చేశాను. మాత్రలు కూడా తెచ్చిచ్చాను. రెండు పూటలా వేసుకుంటోంది పాపం.

తనిఖీ రోజు బావ చుట్టరికాన్ని గుమ్మం బయట వదిలేసి, బూట్లతో సహా లోపలికొచ్చాడు.

"ఏంట్రా, ఇల్లు ఇంత శుభ్రంగా ఉంది?"

"మీరొస్తున్నారని, బావా."

"అదే నా భయం."

మంచం కింద దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు. నాకు నవ్వొచ్చింది. తర్వాత స్నానాలగదిలోకి నడిచాడు.

"అది తడి తువ్వాలు బావా, ఆరేశాను" అన్నాను తొందరపడి.

"సాకెట్టు మీద తడి తువ్వాలా?"

తువ్వాలు తీశాడు. ప్లగ్గు చూశాడు. టెస్టరు తీసి కుళాయికి ఆనించాడు. అందులోని బుల్లి దీపం వెలిగింది. వెంటనే వెళ్ళి మెయిన్ ఆపేసి వచ్చాడు.

"పిన్ను ఎవరు విరిచారు?"

"కంపెనీవాడే అలా ఇచ్చాడు..."

"పళ్ళతో కొరికి ఇచ్చాడా?"

నేను తల దించుకున్నాను. బావ గొంతు తగ్గించాడు.

"లోపల కరెంటు లీకైతే ఆ పిన్ను గుండానే భూమిలోకి పోతుందిరా. నువ్వు దాన్ని విరిచేశావు. ఇప్పుడు కుళాయిలోకి వస్తోంది. ఇంకాస్త ఎక్కువై ఉంటే అత్తయ్య స్నానానికి వెళ్ళి తిరిగొచ్చేది కాదు."

అంతసేపూ నోట్లో ఊరుతున్న వెటకారమంతా ఎండిపోయింది.

అమ్మ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది.

"అయితే నా నరాలు బాగానే ఉన్నాయా, అల్లుడుగారూ?"

"ఉక్కులా ఉన్నాయి, అత్తయ్యా."

అమ్మ ముఖం విప్పారింది. మరుక్షణమే నావైపు తిరిగి కంగారుపడింది.

"నువ్వూ అదే కుళాయి తిప్పుతావు కదరా! నీకేమీ కాలేదు కదా?"

"కాలేదమ్మా" అన్నాను.

నిజమే, కాలేదు. గీజరు పెట్టిన మొదటి వారంలోనే నా చెయ్యీ ఒకసారి జివ్వుమంది. ఆ మర్నాటి నుంచి నేను రబ్బరు చెప్పులు వేసుకుని స్నానం చేస్తున్నాను.