గోడవైపు పడుకున్న రాత్రి

పిల్ల మీద ఒట్టు వెయ్యనివ్వదు మా ఆవిడ. అందుకని నా మీదే ఒట్టేసుకుని చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన లేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. తర్వాత నవ్వితే నాకు కోపం వస్తుంది.

మొన్న సింగపూర్ టాంపినీస్‌లో మా ఫ్లాట్‌లో భోజనాలయ్యాక ఇదే మాట అన్నాను. జమైకాలో నాకు ఏదో జరిగిందని అప్పటికే కొంత విని ఉన్న శీను వెంటనే నవ్వేశాడు. వాడుండేది టోవా పాయోలో. ఒంగోలులో నాతో కలిసి చదువుకున్నవాడు. వాడికి దయ్యాల మీద నమ్మకం లేదు. నా మాట మీద అంతకన్నా లేదు.

"జెట్ లాగ్ రా బాబూ అది. దానికి దయ్యమని పేరు పెడితే ఎట్టా?"

"దయ్యం అన్నానా నేను? అదేంటో తెలీదనే గదా చెప్తన్నా."

"సరే కానీయ్. లాస్ట్ ట్రైన్ మిస్సయితే నీ సోఫా మీదే పడుకుంటా."

వాడికి చెప్పాను. మీకూ అలాగే చెబుతాను.

మా ఆఫీసులో డెనీస్ అని ఒకామె ఉంది. జమైకా మనిషి. సింగపూర్ వచ్చి చాలా ఏళ్లయింది. తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి సీటు 'చోప్' చేయడంలో, అంటే ముందే పట్టేసుకోవడంలో, మనందరికన్నా ముందుంటుంది. చిన్నప్పుడే తల్లి పోతే ఆమెను ఐవీ ఆంటీ పెంచింది. ఆ ఆంటీ భర్త ఈమధ్యే పోయాడు. డెనీస్ సెలవు పెట్టి వెళ్లింది. సరిగ్గా అప్పుడే నన్ను ఆఫీసు పని మీద మయామీ పంపారు. తెలిసి ఫోన్ చేసింది.

"ఇంత దూరం వచ్చి మా ఊరు చూడకుండా పోతావా? కార్యక్రమాలన్నీ అయిపోయాయి. ఇల్లు బోసిపోయింది. నువ్వొస్తే ఆంటీకి కాస్త మాట తోడు."

లత, అంటే మా ఆవిడ, వద్దంది. "చావు జరిగిన ఇంటికి చూడ్డానికని వెళ్తారా ఎవరన్నా?" నేను వింటానా... సముద్రం ఒడ్డున హోటల్లో గొడుగు కింద పడుకుని జమైకా చూసొచ్చామనే రకం కాదు నేను. ఊళ్లోవాళ్లు తినేది తినాలి. ఊళ్లోవాళ్లు తిరిగినట్టు తిరగాలి. అదీ నా పిచ్చి.

తిరిగాను కూడా. కింగ్‌స్టన్ నుంచి కొండ మీదికి షేర్ ట్యాక్సీ. వెనక సీట్లో నలుగురం, నా ఒళ్లో ఎవరిదో అరటిగెల. రోడ్డుకి ఒక పక్క కొండ, రెండో పక్క ఏమీ లేదు. పైన, మంచులో, కాఫీ తోటల మధ్య చిన్న ఊరు. ఒక చర్చి, ఒక కొట్టు. కొట్టు ముందు బల్ల మీద డామినో బిళ్లలు ఫట్ ఫట్‌మని కొడుతూ మగాళ్లు. నన్నూ కూర్చోబెట్టారు. ఓడించారు. ఓడిపోయినందుకు నాకే అల్లం సోడా ఇప్పించారు. మధ్యాహ్నం ఐవీ ఆంటీ 'కలలూ' అని ఒక ఆకుకూర పెట్టింది. నోట్లో పెట్టుకుంటే... తోటకూర! అచ్చం మన తోటకూర వేపుడే. ఉప్పుచేప వేసింది, అంతే తేడా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అందులో మిరపకాయ వాటా కూడా ఉందనుకోండి.

ఆంటీ పిట్టంత మనిషి. పగలంతా నవ్వుతూనే ఉంటుంది. రాత్రి మాత్రం పడుకోదట. వంటింట్లో కుర్చీలో కూర్చుని తెల్లవారుస్తుందట. డెనీస్ బెంగంతా అదే. గిన్నెలు కడుగుతూ నాతో మెల్లగా అంది. "ఆంటీని కింద కింగ్‌స్టన్‌లో మా కజిన్ దగ్గర దింపితే గానీ నేను సింగపూర్ రాలేను. ఇక్కడ ఒక్కతే ఉండి ఏ రాత్రో జారిపడితే అరిచినా వినేవాళ్లు లేరు. ఎంత బతిమాలితేనో ఒప్పుకుంది. ఆదివారం దిగుతున్నాం."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది ఇదే.

రాత్రికి డెనీస్ రోడ్డు మలుపు అవతల బంధువుల ఇంటికి వెళ్లిపోయింది. నాకు వెనక గది ఇచ్చారు. ఎవరి గది అని నేను అడగలేదు. వాళ్లూ చెప్పలేదు. ఇనప మంచం, పాతకాలపు స్ప్రింగుల పరుపు, పక్కన ఒక స్టూలు. కిటికీకి ఊచలు. మంచం మాత్రం గది మధ్యలో, ఏ గోడకూ ఆనకుండా ఉంది. ఇదేం పెట్టడం అనుకున్నాను. అనుమానం వచ్చి ఫోన్లో దిక్సూచి తీశాను.

తల ఉత్తరానికి ఉంది.

మీలో ఎవరైనా పడుకుంటారా అలా? నేను రాహుకాలం చూసుకోను. పిల్లి ఎదురైతే ఆగను. కానీ ఉత్తరం వైపు తల పెట్టమంటే మాత్రం నా వల్ల కాదు. చిన్నప్పుడు మా నాన్నమ్మ వీపు మీద ఒకటి చరిచి మరీ తిప్పి పడుకోబెట్టేది. టాంపినీస్‌లో ఈ ఫ్లాట్ చూడటానికి వచ్చినప్పుడు, ఏజెంట్ వింతగా చూస్తున్నా సరే, బెడ్‌రూమ్‌లో ఫోన్ పట్టుకుని గుండ్రంగా తిరిగిన మనిషిని.

తిప్పాను. బరువైన మంచం. ఎర్ర పాలిష్ పెట్టిన చెక్క నేల మీద కీచుమంటూ లాగాను. తల తూర్పుకి వచ్చేలా, ఒక పక్క గోడకి ఆనేలా. అప్పుడు కనిపించాయి... నేల మీద నాలుగు గుండ్రటి గుంటలు. మంచం కోళ్లు వాటిలోకి సరిగ్గా దిగాయి.

టక్... టక్...

"మంచానికీ ఇక్కడే బాగుందన్నమాట" అనుకుని నవ్వుకున్నాను కూడా.

వాన మొదలైంది. రేకుల కప్పు మీద వాన, పక్కన ఎవరైనా అరిచినా వినపడదు. కరెంటు పోయింది. సిగ్నల్ పోయేముందు లత మెసేజ్ ఒకటి వచ్చింది. "మేం తినేశాం. నువ్వో?" సింగపూర్‌లో అది పట్టపగలు. వాళ్ల మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నేను ఈ చీకట్లో దుప్పటి కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఎప్పుడు మెలకువ వచ్చిందో తెలియదు. వాన ఆగింది. బయట కప్పలు ఈలలు వేస్తున్నాయి. అక్కడి కప్పలు అరవవు, నిజంగా ఈలలే వేస్తాయి. వింటున్నాను...

చప్...

చప్...

తడిసిన రబ్బరు బూట్లు. చెక్క నేల మీద. వరండాలో అనుకున్నాను. కాదు... గదిలోనే.

తలుపు తెరుచుకున్న చప్పుడు లేదు. గడియ నేనే పెట్టాను. పెట్టాననే అనుకుంటున్నాను. ఇప్పుడు ఎంత గుర్తు తెచ్చుకున్నా ఆ ఒక్కటీ తేలడం లేదు.

అడుగులు మంచం దగ్గర ఆగాయి. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక నిట్టూర్పు... రోజంతా కొండెక్కి దిగిన మనిషి కూర్చోబోతూ వదిలే ఊపిరి. పరుపు బయటి అంచు దిగింది.

కి...ర్...ర్...

ఒక బూటు లాగిన చప్పుడు. ఇంకో బూటు. విసిరెయ్యలేదు. మెల్లగా, పక్కపక్కన పెట్టారు. ఇంట్లో ఎవరో నిద్రపోతున్నారని తెలిసిన మనిషి పెట్టినట్టు.

అప్పుడు... అది పడుకుంది.

పాత స్ప్రింగుల పరుపు బరువు ఎటుంటే అటే వాలుతుంది. నా ఒళ్లు వెనక్కి దొర్లబోయింది. వీపు దానికి తగలబోయింది. రెండు చేతులూ గోడకి ఆనించి నొక్కి పట్టాను. గోడకి పట్టు ఏముంటుంది? సున్నం గోళ్లలోకి దిగింది. ముఖానికి ఎదురుగా గోడ. తలవైపు ఇనప చట్రం, కాళ్లవైపు ఇనప చట్రం. వెనక... అది. తలుపు దానికి అవతల. బయటపడాలంటే దాని మీంచి దాటాలి. ఎలా దాటను?

వాసన వచ్చింది. తడి మట్టి, ఒళ్లు నొప్పులకు రాసుకునే ఏదో ఘాటైన మందు. ఆంజనేయస్వామిని తలుచుకుందామంటే దండకం మొదటి ముక్కే గుర్తు రాలేదు. పెద్ద గొంతుతో ఆంటీని పిలుద్దామనుకున్నాను. పెదవులు కదిలాయేమో, మాట మాత్రం రాలేదు. బయట కప్పలు ఈలలు వేస్తూనే ఉన్నాయి, ఏమీ జరగనట్టు. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

అప్పుడు దుప్పటి కదిలింది.

గుంజలేదు. మెల్లగా... కొంచెం... ఆగి... ఇంకొంచెం... పక్కనున్నవాళ్లను లేపకుండా తన వాటా తను తీసుకోవడం అలవాటైన చెయ్యి. పెళ్లయినవాళ్లకి తెలుస్తుంది ఆ లాగడం. నేను వదిలేశాను. మొత్తం తీసుకో స్వామీ అని వదిలేశాను.

మొత్తం తీసుకోలేదు. సగమే.

తెల్లవార్లూ అలాగే ఉన్నాను. వెనక ఊపిరి... చివర చిన్న ఈల... మళ్లీ ఊపిరి. తల తిప్పలేదు. ఒక్కసారి తిప్పి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. ఏముందో తెలిసిపోయేది. నాకు ధైర్యం చాలలేదు.

వెలుగొచ్చాక ఎప్పుడో కన్ను అంటుకున్నట్టుంది. టీ కప్పుల చప్పుడుకి లేచాను. పక్కన ఎవరూ లేరు. గుమ్మంలో ఐవీ ఆంటీ, చేతుల్లో రెండు టీలు. ఒకటి గాజు కప్పు, ఒకటి పెద్ద ఎనామిల్ మగ్గు. మంచం వైపు చూసి నిలబడిపోయింది.

"ఎవరు తిప్పారు?"

"నేనే ఆంటీ. మా వైపు ఉత్తరానికి తల పెట్టి పడుకోం. తీసి మళ్లీ అక్కడే పెట్టేస్తాను."

"వద్దు బాబూ. ఉండనీ."

గాజు కప్పు నాకిచ్చింది. మగ్గు స్టూలు మీద పెట్టింది. తను తాగలేదు. మంచం బయటి అంచున కూర్చుంది. స్ప్రింగు ఒక్కటి కూడా చప్పుడు చేయలేదు.

డెనీస్ వచ్చి గదిలోకి తొంగి చూసి తల పట్టుకుంది. పెరట్లోకి తీసుకెళ్లి అప్పుడు చెప్పింది. మనిషి పోయిన తొమ్మిదో రాత్రి అందరూ చేరి పాడతారట, తింటారట, తెల్లవార్లూ సాగనంపుతారట. తర్వాత పోయినవాళ్ల గదిలో సామానంతా మార్చేస్తారట. తిరిగొచ్చినా ఇది నా గది కాదనుకుని తన దారిన వెళ్లిపోవాలని.

"అంకుల్ మంచాన్ని నేనే లాగి మధ్యలో పెట్టాను. నువ్వు తీసుకెళ్లి ఆయన చోట ఆయనకి పెట్టావు."

వంటింటి గుమ్మం దగ్గర రబ్బరు బూట్లు ఉన్నాయి. తడిగా ఉన్నాయి. ఎవరివి అని అడిగాను. అంకుల్‌వేనట, ఇప్పుడు పెరట్లోకి వెళ్లేటప్పుడు ఆంటీ వేసుకుంటుందట. వానాకాలం ఎవరి బూట్లయినా తడుస్తాయి. అదీ నిజమే.

ఆదివారం ఆంటీ కొండ దిగలేదు. "ఆయన వచ్చేశాడు. ఇక నేనెక్కడికి పోతాను?" అంది. ఆ రోజు నుంచి కుర్చీలో కూర్చోవడం మానేసి ఆ మంచం మీదే పడుకుంటోంది. హాయిగా నిద్రపోతోందట. సెలవు అయిపోయి డెనీస్ ఆమెను అక్కడే వదిలి తిరిగొచ్చింది.

ఇక్కడిదాకా విని శీను తేల్చేశాడు. "ఆంటీయే రా అది. నిద్రలో లేచొచ్చింది. మంచం పాత చోటే ఉండేసరికి అలవాటు కొద్దీ పడుకుంది. సింపుల్."

ఎప్పుడూ వాడినే సమర్థించే లత ఈసారి ఊరుకోలేదు. "పిట్టంత మనిషికి పరుపు అంత దిగుద్దా అన్నయ్యా?"

శీను వాచీ చూసుకుని లేచాడు. లాస్ట్ ట్రైన్ ఉండగానే వెళ్లిపోయాడు. కాబట్టి తర్వాతి సంగతి వాడికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఆ భోజనాలకి కొద్ది రోజుల ముందు ఆఫీసు ప్యాంట్రీలో లంచ్ టైమ్‌కి డెనీస్ ఆంటీకి వీడియో కాల్ చేసి ఫోన్ నా చేతికిచ్చింది. "ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతుంది. లేదు అని ఒక్క మాట చెప్పు. కల వచ్చిందని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతుంది. కిందికి దిగుతుంది." డెనీస్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. రోజూ రాత్రి ఆ కొండ మీది నుంచి ఏ కబురు వినాల్సొస్తుందోనని ఇక్కడ కూర్చుని చస్తోంది ఆ పిల్ల.

అక్కడ అర్ధరాత్రి. చిన్న దీపం వెలుగులో ఆంటీ ముఖం. గోడవైపు పడుకుని ఉంది, నేను పడుకున్న చోటే.

"బాబూ, నిజం చెప్పు. ఆ రాత్రి నీ పక్కన ఎవరైనా పడుకున్నారా?"

అంటే... ఆమె కాదా? లేక ఆమెకే గుర్తు లేదా? 'లేదు' అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆమె కొండ దిగుతుంది, డెనీస్ కంటినిండా నిద్రపోతుంది. అంతలో నా వీపు ఆ వాలు గుర్తు చేసింది. చేతివేళ్లు వాటంతటవే ప్యాంట్రీ గోడని పట్టుకున్నాయి.

"నాకు తెలీదు ఆంటీ."

డెనీస్ అటు తిరిగిపోయింది. అప్పటి నుంచి లంచ్‌కి నాతో రావడం లేదు. ఆంటీ మాత్రం నవ్వింది. ఆ జవాబు చాలన్నట్టు నవ్వింది. "సరే బాబూ, పొద్దుపోయింది" అని దీపం ఆర్పడానికి ఫోన్ దిండుకి ఆనించింది. బయటి వైపు పరుపు కనిపించింది. ఖాళీ. ఎవరూ లేరు. ఒట్టేసి చెబుతున్నాను, ఎవరూ లేరు.

దీపం ఆర్పేముందు దుప్పటి తన వైపు లాక్కుంది. సగమే వచ్చింది.

పరుపు కింద ఇరుక్కుని ఉంటుంది. అంతే అయ్యుంటుంది.