సగానికి ఇగిరిన నీళ్లు

ఆత్మకూరు బస్టాండు టీకొట్టులో నీళ్లు కుతకుతలాడితే ఇప్పటికీ అక్కడ నిలబడలేను. షంషాద్ టీచరమ్మ గుర్తొస్తుంది.

ఆమె ఉదయగిరి పక్కన మా ఊరి బళ్లో సైన్సు చెప్పేది. మధ్యాహ్నం వరండాలో మాలాంటి ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించేది. నాకప్పటికే యాభై దాటాయి. గొర్రెలు కాసిన చేతిలో బలపం నిలిచేది కాదు. ఒకరోజు మా బోరు నీళ్లను గాజు గొట్టంలో పోసి ఎర్రటి మందు వేసింది. ఎరుపు విరిగి పసుపు తిరిగింది. రంగు అట్లా మారితే నీళ్లలో ఇది ఉన్నట్టేనని, బోర్డు మీద ‘ఫ్లోరైడ్’ అని రాసి చదవమంది. నాకు నోరు తిరగలేదు, అర్థమేమిటని అడిగాను. పారడం అని అర్థమున్న పాత లాటిన్ మాట నుంచి వచ్చిందట. ఒక రకం రాయి కలిపితే కొలిమిలో లోహం తొందరగా కరిగి పారేదట, ఆ రాతి నుంచి ఈ పేరట. ఫ్లోరిన్ అనే వాయువు ఎవరి దగ్గరో ఒక ఎలక్ట్రాన్ లాక్కునేదాకా ఊరుకోదు, లాక్కున్నాక నెమ్మదించి ఫ్లోరైడ్ అవుతుంది. మన నేలలో రాళ్లనుంచి నీళ్లలోకి దిగుతుంది, ఒంట్లో కాల్షియాన్ని వెతుక్కుంటూ పళ్లలో, ఎముకల్లో చేరుతుంది. కొంచెమైతే పంటికి మేలే, మించితే ఎముక వంకరపోతుంది.

నేను ధీమాగా చెప్పాను. తల్లి కూలికి పోతే నా మనవరాలు మల్లిని నేనే సాకుతున్నానని, దాని నీళ్లు సగానికి ఇగిరేదాకా కాగబెట్టి తాపుతున్నానని.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "కాగబెడితే పురుగు చస్తాది రవణక్కా. ఇది పురుగు కాదు, ఉప్పులాంటిది. నీళ్లు ఆవిరైపోతాయి, ఇది గిన్నెలోనే ఉండిపోతాది. సగం చేసినావంటే రెండింతలు చిక్కన చేసి తాపినట్టే."

మల్లి కాళ్లు అప్పటికే వంగుతున్నాయి. సాయంత్రం ఆమె ఇంటికి పోయి, నా వల్లేనా అని అడిగాను. కాదంటుందనే పోయాను.

"కొంత నీ వల్లే అక్కా. ఎంతో నాకు తెలీదు."

పిల్లల్లేని దానివి, నీకేం తెలుసని తిట్టి వచ్చేశాను. వారం రోజులు బడి వైపు పోలేదు. ఎనిమిదోనాడు ఆమే వచ్చింది. వాన నీళ్లు పట్టుకునే డ్రమ్ము ఒకటి ఆటోలో వేయించుకొచ్చి, మా వాకిట్లో కూర్చుని నా పలక అడిగింది. తిట్టిన మాట ఎత్తలేదు.

ఆమె ఇప్పుడు లేదు. మల్లి ఆత్మకూరులో కొలువు చేస్తోంది, కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంది. కాళ్లు వంగింది మా ఊరి నీళ్లవల్లేనని దానికి తెలుసు. ఆ నీళ్లను కాగబెట్టి ఇంకా చిక్కన చేసింది నేనని తెలియదు. ముక్కు మీద గుద్దినట్టు మాట్లాడే మనిషినని నాకు పేరు. ఈ ఒక్క మాట మాత్రం నోట రాలేదు. అందుకే రాశాను. రేపు అది ఆఫీసుకు పోయేలోపు ఈ కాగితం దాని చేతికిస్తాను.