చంటిపిల్లకని అల్లిన రగ్గు

ఈ వయసులో కూడా నా ఫోనులో ఒక అల్లికల గ్రూపు ఉంది. రాజమండ్రిలో ఊలు అల్లే ఆడవాళ్లం కొందరం, కాకినాడ, భీమవరంలలో ఉన్నవాళ్లు ఇంకొందరు చేరి, ఎవరు ఏది అల్లినా ఫొటో తీసి అందులో పెడుతుంటాం. మొన్నొక పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే ఒకావిడ రెండు రంగుల మొజాయిక్ రగ్గు ఫొటో పెట్టి, నెలల తరబడి తన చేత్తో అల్లానని రాసింది. అది మిషను మీద వచ్చిందని అంచు చూస్తేనే తెలుస్తోంది. అలాంటివే మెయిన్ రోడ్డులో ఒక కొట్టు ముందు దొంతరగా పేర్చి ఉండగా ఆ ముందు వారమే చూశాను. అయినా ఆ ఫొటో కింద సూపర్ అండి, మీ చేతులకి దండం అండి అని వరసగా వచ్చిపడుతూనే ఉన్నాయి. రాసినవాళ్లలో సగంమంది నాకంటే బాగా అల్లగలిగినవాళ్లు. నాకిక కాఫీ సహించలేదు. అబద్ధమాడినావిడ మీద కంటే, తెలిసి తెలిసీ మెచ్చుకున్నవాళ్ల మీద పుట్టిన ఏవగింపు అది. అది నాకు కొత్తదీ కాదు. తొలి ఉద్యోగం రోజుల్లో మండపేటలో, ఒక పెద్ద ఇంటి వరండాలో కూర్చుని మొదటిసారి దాని రుచి ఎరిగాను.

నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఊలు అల్లడం ఒక పిచ్చిలా పట్టింది మన ఆడవాళ్లకి. ఏడాదిలో పది నెలలు చెమటలు కక్కే ఈ గోదావరి గడ్డ మీద స్వెట్టర్లు ఎవరు తొడుక్కుంటారని మగవాళ్లు నవ్వేవారు కానీ, ప్రతి సంచిలోనూ రెండు సూదులూ ఒక ఊలు ఉండా ఉండేవి. నేను పొద్దుటిపూట నడిచే బడిలో పంతులమ్మగా చేరి పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. బాబాయి మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు. ఆయనతోపాటు ఉత్తరాదిన చలి ఊళ్లలో ఏళ్ల తరబడి ఉన్న పిన్ని, అక్కడి ఆడవాళ్ల దగ్గర నేర్చిన అల్లికనంతా మా వీధికి మోసుకొచ్చింది. అందులో అందరినీ కట్టిపడేసింది మొజాయిక్ అల్లిక. చూడ్డానికి రెండు రంగులు కలిపి నేసినట్టుంటుంది కానీ, అల్లేటప్పుడు చేతిలో ఉండేది ఒక్క రంగు దారమే. ఒక రంగుతో రెండు వరసలు అల్లి, ఇంకో రంగు అందుకున్నాక, కింది వరసలోని కుట్లు కొన్నిటిని అల్లకుండా ఒక సూది మీదనుంచి ఇంకో సూది మీదకి జార్చేస్తే, ఆ పాత రంగు పైకి ఎగబాకి మెట్లుగానో గళ్లుగానో తేలుతుంది. జార్చడం తెలియాలి, అంతే అనేది పిన్ని.

మధ్యాహ్నాలు అందరం మిల్లు అత్తయ్యగారి వరండాలో చేరేవాళ్లం. ఆవిడ భర్తది మా వీధి చివరనున్న రైసుమిల్లు, ఆవిడ ఇల్లు మా అందరి ఇళ్లకీ పెద్ద. ఉప్పుడు వడ్లు ఉడికే వాసనా, ఊక బూడిదా గాలిలో తేలి వచ్చి ఊలు మీద వాలుతుంటే దులుపుకుంటూ, కబుర్లాడుకుంటూ అల్లుకునేవాళ్లం. ఆ వీధిలో చాలామంది భర్తలు ఆ మిల్లులోనే గుమాస్తాలు. అది నాకప్పుడు పట్టించుకోవలసిన సంగతిగా తోచలేదు.

మా పక్కింటి వదినకి అప్పటికి రెండు కాన్పులు పోయాయి. ఇద్దరు పిల్లలూ పుట్టి, రోజులు గడవకముందే పోయారు. పుట్టింట్లో ఎవరూ లేరు, మూడోసారి నెలలు నిండుతుంటే ఆమె నవ్వడమే మానేసింది. ఆమె లేని ఒక మధ్యాహ్నం, ఈసారి పుట్టే బిడ్డకి మనమందరం కలిసి రగ్గు అల్లుదామని పిన్ని అంది. తలా ఒక చదరం, అన్నీ మొజాయిక్, మీగడ రంగూ ముదురాకుపచ్చా. పుట్టకముందే బిడ్డకి వస్తువులు అమర్చకూడదని మన పట్టింపు కదా, అందుకని ఆమె కంట పడకుండా, పూర్తయిన చదరాలన్నీ మిల్లు అత్తయ్యగారి బీరువాలో దాచాం. పిన్ని వాటిని కలిపి కుట్టి, అంచు అల్లిన రోజున ఆ రగ్గుని వరండాలో పరిచి, దాని చుట్టూ కూర్చుని ఎంతసేపు చూసుకున్నామో. మాలో ఎవరి చదరం ఏదో చెప్పలేనట్టు కలిసిపోయాయి. చూసుకున్నాక మళ్లీ ఆ బీరువాలోనే దాచాం.

ధనుర్మాసం చలిలో, నెల తక్కువగా ఆడపిల్ల పుట్టింది. పట్టుకోవడానికే భయం వేసేంత చిన్నది. ఒళ్లు వెచ్చగా ఉంచమని డాక్టరమ్మ చెప్పిందని తెలిసి, ఆ మధ్యాహ్నమే పిన్నీ నేనూ పరుగున మిల్లు అత్తయ్యగారింటికి వెళ్లి రగ్గు అడిగాం. తక్కినవాళ్లంతా అప్పటికే అక్కడ అల్లుకుంటున్నారు. మిల్లు అత్తయ్యగారు సూదుల మీదనుంచి తల ఎత్తకుండానే చెప్పింది.

“అది లేదమ్మా. మొన్న కాకినాడ నుంచి ఆఫీసరుగారి భార్య వచ్చింది కదా, చూసి ముచ్చటపడింది. మీ మావయ్యగారు ఇచ్చెయ్యమన్నారు. మిల్లుకి ఆయనతో ఎన్ని పనులుంటాయి.”

“అది చంటిపిల్ల కోసం కదండీ అక్కయ్యగారూ” అంది పిన్ని.

“పిల్లకి పాత చీరలు లేవేంటి? ఇంకోటి అల్లుకుందాం లెద్దూ.”

నేను చుట్టూ చూశాను. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారనుకున్నాను. ముందుగా ఒక గుమాస్తాగారి భార్య, పోన్లెండి, మన అల్లిక అంత పెద్ద ఇంటికి వెళ్లిందంటే మనకే గొప్ప అంది. ఆ పక్కావిడ అవునండి అంది. ఇంకొకావిడ, ఆఫీసరుగారి భార్య ఏమందండీ, మెచ్చుకుందా అని సంబరంగా అడిగింది. సూదుల చప్పుడు మళ్లీ మొదలైంది. పళ్లెంలో జంతికలు వచ్చాయి, అందరూ తీసుకున్నారు. ఆ నూనె చేతులతోనే మళ్లీ ఊలు పట్టుకున్నారు. ఆ జంతిక ముక్కలూ, ఆ ఇకిలింపులూ ఇవాళ్టికీ నా కళ్లముందే ఉన్నాయి.

మర్నాడు ఆదివారం. పిన్ని నన్ను వెంటబెట్టుకుని కాకినాడ బస్సెక్కింది. ఏమని అడుగుతావు పిన్నీ అంటే, అడగడానికి ఏముంది, మనదే కదా అంది. ఆ బంగళా కనుక్కుని గేటు తీసేసరికి, మెట్ల పక్కన ఒక బలిసిన కుక్క పడుకుని ఉంది. దాని కింద పరిచి ఉంది మా రగ్గు. ఒక మూలంతా నమిలేసి ఉంది. మీగడ రంగు చదరాలు మట్టిరంగుకి తిరిగాయి. ఎంగిలన్నం, వెంట్రుకలు, పచ్చి కుక్క వాసన. కుక్క తప్పేముంది, దానికి వేసింది అది పడుకుంది. ఆఫీసరుగారి భార్య బయటికొచ్చి, సంగతి విని, నొచ్చుకోనూ లేదు, కోప్పడనూ లేదు.

“అయ్యో, అది మీదా అండి? తీసుకెళ్లండి. మాకు ఇలాంటివి వస్తూనే ఉంటాయి, ఎక్కడ వెయ్యాలో తెలీక చస్తున్నాం.”

ఆ మాట అంటూ ఆవిడ చేసిన ఉపకారం ఏమిటంటే, కుక్కని పక్కకి పిలిచింది. పిన్ని వంగి రగ్గు తీసి, మడతపెట్టి, చంకలో పెట్టుకుంది. బస్సులో మా పక్క సీటువాళ్లు ముక్కు మూసుకుని లేచిపోయారు. నేనూ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. పిన్ని మాత్రం దారి పొడవునా ఆ వెంట్రుకలు ఒక్కొక్కటీ ఏరి బయటికి వదులుతూనే ఉంది.

ఉతికి వదినకి ఇచ్చేస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. కుంకుడుకాయ రసంలో నానబెట్టి, ఎండలో వేసి, ఆరాక ఒక మధ్యాహ్నం అందరూ కూడే వేళకి దాన్ని మిల్లు అత్తయ్యగారి వరండాలోకే తీసుకెళ్లింది. మధ్యన కూర్చుని, అంచు దారం కత్తిరించి, విప్పడం మొదలుపెట్టింది. వాళ్లు అల్లిన చదరాలు ఒక్కొక్కటీ వాళ్ల కళ్లముందే విడిపోతున్నాయి. చివరికి మిల్లు అత్తయ్యగారే అడిగింది, ఏంటిది అని.

“ఆఫీసరుగారింట్లో కుక్క కింద ఉంటే తెచ్చానండి. విప్పి, పిల్లకి మళ్లీ అల్లుతాను. మా ఇంట్లో అల్లుతాను. వచ్చేవాళ్లు రండి.”

గొంతు పెంచలేదు పిన్ని. విప్పడం పూర్తయ్యేదాకా అక్కడే కూర్చుని, ఊలు ఉండలు చెంగులో కట్టుకుని లేచింది. మర్నాడు మా ఇంటికి వచ్చినవాళ్లు ఇద్దరే, పోస్టుమాస్టరుగారి తల్లీ, ఒక కుట్టుపని చేసుకునే వితంతువూ. తక్కినవాళ్లు తలుపు దగ్గరగా వేసుకుని మా గుమ్మం ముందునుంచే మిల్లువారి వరండాకి వెళ్లేవారు. భర్తల ఉద్యోగాలు ఉన్నాయి, నాకు తెలుసు. తెలిసినా వాళ్ల మీద నా అసహ్యం తగ్గలేదు. మౌనంగా ఉండిపోయి ఉంటే క్షమించేదాన్నేమో, వాళ్లు మెచ్చుకున్నారు. అది నాకు మింగుడుపడలేదు.

చేతులు తక్కువై రగ్గు ఆలస్యమైంది. నమిలిన మూల ఊలు చాలక చిన్నదయింది కూడా. ఆ చలి గండం మాత్రం పిల్ల, వాళ్లమ్మ గుండెల మీదే పడుకుని, ఎలాగో గట్టెక్కింది. రగ్గు పూర్తయ్యేసరికి ఎండలు ముదిరాయి. జరిగిందంతా పక్కింటి వదిన ఎక్కడో విన్నది. రగ్గు ఇవ్వగానే దాన్ని నేల మీద పరిచి పిల్లని బోర్లా వేసింది. పిల్ల తల ఎత్తి, ఆ ఆకుపచ్చ మెట్లని గోళ్లతో గీకింది. అప్పుడు నవ్వింది వదిన. ఆ నవ్వు కోసం పిన్ని ఎంత దూరమైనా వెళ్లేదనిపించింది నాకు.

ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. పిన్ని లేదు, మిల్లు అత్తయ్యగారూ లేరు. ఆ వీధిలో వరండాలన్నిటికీ ఇనుప గ్రిల్లులు బిగించి తాళాలు వేసుకుంటున్నారు, ఆ మధ్య వెళ్లినప్పుడు చూశాను. మధ్యాహ్నం వేళ ఒక్క మనిషి బయట కూర్చుని లేదు. ఒకటి మాత్రం తలచుకుంటాను. ఆ రోజుల్లో ఎవరిమీదైనా ఏవగింపు పుడితే, వెళ్లి ఆ మనిషికి ఎదురుగా కూర్చునేందుకు చోటుండేది. వాళ్ల కళ్లముందే విప్పేందుకు వీలుండేది. ఇప్పుడు అందరూ ఫోనులోనే, నా అసహ్యానికి ఎదురుగా ఎవరూ లేరు. నేను ఒక్కదాన్నే కూర్చుని అల్లుకుంటున్నాను.